ఇంటిపేరుతో పాటు ఇచ్చిన కథలు



ఈ స్నాతకోత్సవ వేదిక మీద నాకు దక్కిన కాసిని నిమిషాలూ ఒక మనిషికి ఇవ్వాలనుకుంటున్నాను. ఆయన నీటిపారుదల శాఖలో లస్కరు. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే నడుమ ఉన్న దివిసీమలో, కాలువ కట్టల వెంట నడుస్తూ, తూముల తలుపులు ఎత్తుతూ దించుతూ ఉద్యోగకాలమంతా గడిపారు. ఆయన నన్ను కన్నవారు కాదు. నాకు నాన్న ఆయనే.

1977 నవంబరు 19న తుపానుతో పాటు ఉప్పెన వచ్చింది. సముద్రం దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. సుమారు 10,000 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. నన్ను కన్నవాళ్లు ఆ లెక్కలో ఉన్నారు. నాకప్పుడు నాలుగేళ్లు. సహాయ శిబిరంలో నన్ను చూసిన లస్కరు దంపతులు ముందు నా వాళ్లెవరైనా మిగిలారేమోనని ఊరూరా వాకబు చేశారు. ఎవరూ లేరని తేలాక, అప్పటికి నన్ను సాకుతున్న ఒక ఆశ్రమం కోర్టు అనుమతితో నన్ను వాళ్ల చేతుల్లో పెట్టింది.

పాత ధర్మశాస్త్రంలో దత్తత అంటే సాధారణంగా కొడుకునే. వంశం నిలపాలి, పిండం పెట్టాలి. 1956లో వచ్చిన హిందూ దత్తత చట్టం కూతుర్నీ దత్తత తీసుకోవచ్చని చెప్పింది. చట్టం మారి ఇరవై ఏళ్లు దాటినా ఊరి మాట మారలేదు. "తీసుకునేదేదో మగపిల్లాణ్ణి తీసుకోకపోయారా" అని అడిగినవాళ్లే ఎక్కువ. నాన్న ఒకటే చెప్పేవారట. "మేం వారసుడి కోసం వెళ్లలేదు. ఆ పిల్లను వదిలి రాలేకపోయాం."

రాత్రి అన్నాలయ్యాక లాకుల దగ్గరి క్వార్టర్స్ ముందు నులకమంచం వాల్చి, నాన్న మా ఇంటి కథలు చెప్పేవారు. అన్నిటికన్నా పాతది 1832-33 నాటి డొక్కల కరువు కథ. గుంటూరు సీమలో లక్షకు పైగా జనాన్ని పొట్టన పెట్టుకున్న కరువది. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లాడొకడు కృష్ణ దాటి బందరు వైపు నడిచి వస్తుంటే, ఒక రైతు ఇల్లాలు పిలిచి గంజి పోసింది. పోసి, పొమ్మనలేదు. ఆ పిల్లాడు నాన్నకు ముత్తాత. మా ఇంటిపేరు ఆ రైతుది.

తరవాతి కథ 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెనది. ఆ రాత్రి 30,000 మంది పోయారని చెబుతారు. ఆ ముత్తాత భార్య, నాన్నకు ముత్తవ్వ, చంటిబిడ్డను చీరకొంగుతో వీపుకు కట్టుకుని, మోకుతో తననూ తాటిచెట్టుకు బిగించుకుందట. ఆ బిడ్డ నాన్నకు తాత. అప్పటినుంచి మా ఇంట్లో గట్టి మోకొకటి దూలానికి వేలాడుతూ ఉండాలి. ఎందుకో మరిచిపోకూడదని కథ చెప్పేవారు. 1977లో నాన్ననూ అమ్మనూ లాకుల ఇనుపస్తంభానికి కట్టి నిలబెట్టింది ఆ మోకే. నూట పదమూడేళ్ల కిందటి కథ ఇద్దరి ప్రాణం కాపాడింది. ఆ ఇద్దరూ నన్ను కాపాడారు.

బడిలో ఎవరో "పెంపుడు పిల్ల" అన్నరోజున నాన్నను అడిగాను, కరువులో నడిచివచ్చిన ఆ ముత్తాత నాకేమవుతాడని. నాన్న తడుముకోలేదు. "పెంపకంతో మొదలైన ఇల్లు మనది, తల్లీ. ఆయనకు మా అందరికన్నా నువ్వే దగ్గర" అన్నారు. ఆ రోజుతో కథలన్నీ నావయ్యాయి.

కృష్ణ మీది పాత ఆనకట్టకు 1952లో గండిపడ్డాక, 1957 నాటికి పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పనుల్లో నాన్న కుర్రతనంలో రాళ్లు మోశారు. తరవాత లస్కరుగా చేరారు. వంతు వచ్చినప్పుడు ఎగువ మోతుబరి చేను నిండిందా అని కాదు, శివారు చేను తడిసిందా అని చూసేవారు. చివరి బోదె దాకా నడిచి, నీళ్లు చూశాకే ఇంటికొచ్చేవారు. నేను నీటిపారుదల ఇంజనీరునైంది ఆ నడక వెంట నడిచే. కాలేజీలో చదివిన సూత్రాలు నాకు కాలువలు కట్టడం నేర్పాయి. నీరు ఎవరి కోసమో నాన్న నేర్పారు.

ఆయన కాలం చేసినప్పుడు, కొడుకు లేడే అని బాధపడిన ఊళ్లోనే తలకొరివి పెట్టింది నేను. ఎవరూ అడ్డు చెప్పలేదు. అప్పటికి ఊరు కూడా మారింది. ఆయన బతికిన తీరే మార్చింది.

పట్టభద్రులారా, మీలో తల్లిదండ్రుల దగ్గరే పెరిగినవాళ్లున్నారు. అమ్మమ్మ, మేనమామ, పిన్ని, హాస్టల్ వార్డెన్, ఆశ్రమంలో ఆయా పెంచినవాళ్లూ ఉన్నారు. నెత్తురు సంబంధం చిన్నదని నేననను. మనిషిని మనిషిగా నిలబెట్టేది మాత్రం పెంపకం. పెంచడమంటే తిండీ బట్టా ఇవ్వడంతో తీరేది కాదు. మన పెద్దలు దేన్ని దాటి వచ్చారో, ఎవరి గంజి తాగి బతికారో చెప్పి, ఆ రుణంలో బిడ్డకూ వాటా ఇవ్వడం.

అందుకే మిమ్మల్ని రెండు కోరుతున్నాను. ఈ పట్టాతో ఇంటికి వెళ్లాక మిమ్మల్ని పెంచినవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల కథలు అడగండి. ఏ కరువు, ఏ వరద, ఏ వలస వాళ్లను అక్కడికి తెచ్చిందో అడిగి, ఫోన్లో రికార్డు చేయండి, కాగితం మీద రాయండి. చెప్పేవాళ్లు ఉండగానే ఆ పని చేయండి.

రెండోది, రేపు మీ చేతిలో అధికారమో జీతమో ఉన్నప్పుడు శివారు మనిషిని వెతకండి. దిక్కులేని బిడ్డ ఎదురైతే, చట్టం చూపిన దారిలో ఆ బిడ్డకు ఇల్లు దొరికేదాకా పట్టు విడవకండి. మీ ఇల్లే ఆ ఇల్లయితే, ఇంటిపేరుతో పాటు మీ ఇంటి కథలన్నీ ఇవ్వండి. ఒక్కటి కూడా దాచుకోకండి.

మీ చదువు మీకు అన్నం పెట్టాలి. మీ అన్నం మరొకరిని పెంచాలి.