ఘనతల జాబితాలో ఎవరి పేరు?

(రఘునాథపల్లిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్ళ ఘనతల గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి ఆశ్చర్యం కలిగి ఉండవచ్చు. అంగన్‌వాడీ జీతాలు, పొదుపు సంఘాల అప్పులు, బస్సులో బడికి పోయే ఆడపిల్లల భద్రత, ఇవన్నీ మాట్లాడుకోవలసిన చోట ప్రొఫెసర్ల సంగతి ఎందుకని అనుకోవచ్చు. కారణం చెబుతాను. మన రఘునాథపల్లి నుంచి, జనగామ నుంచి, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దున్నే రైలో బస్సో ఎక్కి హన్మకొండ పోయి చదువుకుంటున్న ఆడపిల్లలున్నారు. వాళ్ళకు చదువు చెప్పేది ఎవరు, వాళ్ళ హాస్టల్లో వంట చేసేది ఎవరు, వాళ్ళ ఫీజు రసీదు రాసేది ఎవరు అన్నది మన ఇంటి విషయమే. పైగా మీ ఇంటి అమ్మాయి రేపు అక్కడ ఉద్యోగం చేయాలని కోరుకుంటుంది. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో మనకు తెలియాలి.

ప్రతి సంవత్సరం విశ్వవిద్యాలయాలు వార్షిక నివేదికలు వేస్తాయి. ఫలానా ఆచార్యులకు అవార్డు వచ్చింది, ఫలానావారు విదేశంలో పత్రం సమర్పించారు, ఫలానా విభాగానికి పరిశోధన ప్రాజెక్టు మంజూరైంది అని జాబితా ఉంటుంది. పేపర్లలో ఫోటోలు వస్తాయి. చూసి సంతోషించవలసిందే. కానీ ఆ జాబితాను మూడు ప్రశ్నలతో చదవమని మిమ్మల్ని కోరుతున్నాను. ఇందులో ఎవరి పేరు ఉంది? ఎవరి పేరు లేదు? లేకపోతే ఎందుకు లేదు? ఎవరి పని లెక్కలోకి వస్తుందో వాళ్ళకే జీతం, ప్రమోషన్, సెలవు, గౌరవం దక్కుతాయి. కాబట్టి ఘనతల జాబితా కేవలం పొగడ్తల కాగితం కాదు, అది హక్కులకు సంబంధించిన కాగితం.

ముందు ఉన్న పేర్ల గురించి చెప్పుకుందాం. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అంతకు ముందు వరంగల్‌లో ఉన్నది ఉస్మానియా వారి పి.జి. కేంద్రమే. కాకతీయలో తెలుగు ఆచార్యులుగా పనిచేసిన కాత్యాయనీ విద్మహే గారికి 2013లో 'సాహిత్యాకాశంలో సగం' అనే వ్యాస సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. స్త్రీల సాహిత్యాన్ని స్త్రీల చూపుతో చదవడం అందులోని విషయం. ఆమె తరగతి గదిలో పాఠం చెప్పి ఊరుకోలేదు. ప్రజాస్వామిక రచయిత్రుల వేదిక నిర్మాణంలో పనిచేశారు, ఊరూరా సభల్లో మాట్లాడారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా గారు ఎం.వి. ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో పనికిపోతున్న పిల్లల్ని బడికి చేర్చే ఉద్యమం నడిపారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు.

మూడో ఉదాహరణ మన జిల్లాకు చెందినది. పాలకుర్తి ఐలమ్మ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. విసునూరు దేశ్‌ముఖ్ ఆమె పంటను కాజేయబోతే సంఘం అండతో ఎదిరించి నిలిచిన మనిషి. ఆమె 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. మరుసటి ఏడాది, 1986లో, 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం వచ్చింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న జీవితాలు అందులో ఉన్నాయి. ఐలమ్మ మాటలు కూడా ఉన్నాయి. ఆ పని చేసింది స్త్రీశక్తి సంఘటన. అందులో విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో పాఠాలు చెప్పే మహిళలున్నారు. ఐలమ్మ బతికుండగా ఆమె మాట నమోదు చేశారు కాబట్టి అది మనకు మిగిలింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. 1924లో మొదలైన కోఠి మహిళా కళాశాలే 2022లో విశ్వవిద్యాలయమైంది. బడి మెట్టు ఎక్కని చాకలి స్త్రీ పేరు ఈనాడు పట్టాల మీద అచ్చవుతున్నది. దీనికి గర్వపడదాం. ఆ పేరు కింద పనిచేసే స్త్రీలకు ఐలమ్మ అడిగినది, అంటే తన కష్టానికి తగిన ఫలం, దక్కుతున్నదా అని కూడా అడుగుదాం.

ఈ మూడు ఉదాహరణల్లోనూ పని విశ్వవిద్యాలయం గోడ దాటి జరిగింది. అలాంటి పనిని ఈనాటి లెక్క ఎలా చూస్తుంది? 2018లో యు.జి.సి. తెచ్చిన నిబంధనల్లో పరిశోధనకు పాయింట్ల పట్టిక ఉంది. సాహిత్యం, సామాజిక శాస్త్రాల వాళ్ళకు గుర్తింపు ఉన్న పత్రికలో ఒక్కో వ్యాసానికి 10, సైన్సు వాళ్ళకు 8. జాతీయ ప్రచురణ సంస్థ వేసిన పుస్తకానికి 10. విదేశంలో సదస్సుకు పోయి మాట్లాడితే 7, దేశంలో జాతీయ సదస్సులో మాట్లాడితే 3, రాష్ట్ర స్థాయిలో అయితే 2. మరి రఘునాథపల్లిలో బీడీలు చుట్టే అక్కతో, కూలికిపోయే అమ్మతో కూర్చుని ఆమె చెప్పింది రాసుకుంటే? ఆ పట్టికలో దానికి గడి లేదు. ఎన్.ఎస్.ఎస్., విస్తరణ కార్యక్రమాలు, విద్యార్థుల బాగోగులు చూడడం వంటివి కూడా పనే అని నిబంధనలు ఒప్పుకున్నాయి. అయితే వాటికి పాయింట్లు లేవు, 'బాగుంది', 'సంతృప్తికరం' అనే మెప్పు మాత్రం ఉంది.

ఇక్కడ ఆడవాళ్ళ కాలం సంగతి ఆలోచించండి. ఏడు పాయింట్ల కోసం విదేశం పోవాలంటే వారం రోజులు పిల్లల్ని ఎవరు చూస్తారు? సాయంత్రం ఐదు తర్వాత లైబ్రరీలో కూర్చోవాలంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? హాస్టల్లో అమ్మాయికి జ్వరమొస్తే, ఇంట్లో పెళ్ళి చేస్తామంటున్నారని ఏడుస్తూ వస్తే, ఆమె తలుపు తట్టేది తోటి ఆడ లెక్చరర్ గది తలుపే. ఆ గంటలు ఏ పట్టికలో చేరుతాయి? 2021-22 అఖిల భారత ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత చదువుల్లో ఉంటే 2.07 కోట్ల మంది అమ్మాయిలే. దాదాపు సగం. 15.98 లక్షల మంది అధ్యాపకుల్లో స్త్రీలు 43.4 శాతం. తరగతి గదిలోకి ఆడవాళ్ళు వచ్చారు. లెక్కలు కట్టే పద్ధతి మాత్రం ఇంటి పని లేని మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైంది.

ఇక జాబితాలో అసలు లేని పేర్లు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ళ తరబడి ఖాళీలు నింపకుండా కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్టు అధ్యాపకులతో చదువులు నడిపించారు. నేను కూడా కొన్నేళ్ళు అలా పనిచేసినదాన్నే. ఎక్కడ అన్నది ఇక్కడ అనవసరం. ఏప్రిల్లో పరీక్షలు అయిపోగానే 'సేవలు ముగిశాయి' అని కాగితం ఇచ్చేవారు. జులైలో మళ్ళీ తీసుకునేవారు. మధ్యలో జీతం లేదు, సర్వీసు లేదు. ఒక జాతీయ సదస్సుకు పత్రాలు పోగుచేసింది, అతిథులను స్టేషన్ నుంచి తెచ్చింది, సంచిక ప్రూఫులు దిద్దింది నేనూ, నాలాంటి మరో ఇద్దరు ఆడవాళ్ళం. నివేదికలో మా పేర్లు లేవు. అడిగితే 'మీరు విభాగం సభ్యులు కారు కదమ్మా' అన్నారు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఒక అధికారి నవ్వుతూ అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: 'కాన్పు ఎండాకాలం సెలవుల్లో వచ్చేటట్టు చూసుకుంటే మీకూ మాకూ ఇబ్బంది ఉండదు.' పంట కోతలప్పుడు కడుపు రావద్దనే ఆసామికీ ఈ మాటకూ తేడా ఏముంది?

అప్పట్లో మేము మౌనంగా ఊరుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఊరుకోనక్కర్లేదు. చట్టం ఏం చెబుతున్నదో వినండి. 2000 సంవత్సరంలో, సరిగ్గా మార్చి 8న, ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద పనిచేసే కూలి స్త్రీల కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రోజుకూలికైనా ప్రసూతి హక్కు ఉందన్నది. రోడ్డు పనులు చేసే ఆ అక్కలు గెలిచిన హక్కు అది. 2017లో చట్టం సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. ప్రసవానికి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. 2023 ఆగస్టులో కాంట్రాక్టు డాక్టరు కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ముందుకు వేసింది. సెలవు మధ్యలో కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం ఆగదని చెప్పింది. ఇప్పుడీ ప్రసూతి నియమాలు 2020 సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది.

జీతం మాట. సమాన పనికి సమాన వేతనం అన్నది రాజ్యాంగం 39వ అధికరణలో ఉంది. 2016లో పంజాబ్ తాత్కాలిక ఉద్యోగుల కేసులో, అదే పని చేసేవాళ్ళకు రెగ్యులర్ స్కేలులో కనీస వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు అన్నది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు ఇదే వర్తింపజేసింది. వాళ్ళు నెలకు 30 వేలతో పనిచేస్తుంటే, అదే పాఠం చెప్పే రెగ్యులర్ వాళ్ళ జీతం లక్ష దాటి ఉంది. గురువును దేవుడని శ్లోకం చదివి, గౌరవంగా బతికే జీతం ఇవ్వకపోతే ఆ శ్లోకానికి అర్థం ఏమిటని కోర్టు అడిగింది. తీర్పు వచ్చినంత మాత్రాన మన యూనివర్సిటీలో జీతం పెరగదు. కానీ అడిగేవాళ్ళ చేతిలో అదొక ఆధారం.

ఇక అధ్యాపకులు కాని సిబ్బంది. గుమాస్తాలు, లైబ్రరీ సహాయకులు, ల్యాబ్ అటెండర్లు, హాస్టల్ వంటమనుషులు, ఊడ్చే అమ్మలు. చాలాచోట్ల వీళ్ళను ఏజెన్సీ ద్వారా తీసుకుంటారు. ఏజెన్సీని అడిగితే యూనివర్సిటీ అంటుంది, యూనివర్సిటీని అడిగితే ఏజెన్సీ అంటుంది. ప్రయోగశాలలో గాజుసామాను కడిగి సిద్ధం చేసేవాళ్ళు లేకుండా ఏ సైన్సు వ్యాసమూ రాదు. అయినా ఘనతలో వాళ్ళకు వాటా ఉందని ఎవరూ అనుకోరు.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తు చేస్తాను. ఈనాడు ఏ మహిళా ప్రొఫెసరైనా లైంగిక వేధింపుల మీద కమిటీకి ఫిర్యాదు చేయగలుగుతున్నదంటే, దానికి మూలం రాజస్థాన్‌లో ఒక కుమ్మరి కులపు స్త్రీ. భన్వరీ దేవి 'సాథిన్'గా చాలా తక్కువ భత్యానికి ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేసేది. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ నేపథ్యంలో మహిళా సంఘాలు వేసిన పిటిషన్ మీద 1997లో విశాఖ తీర్పు వచ్చింది, 2013లో చట్టం వచ్చింది. ఆ చట్టం కింద తాత్కాలిక, రోజుకూలి, కాంట్రాక్టరు ద్వారా వచ్చిన స్త్రీలు కూడా ఉద్యోగులే. యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారం విద్యాసంస్థ కమిటీలో అధ్యాపకులతో పాటు ఇద్దరు విద్యేతర ఉద్యోగులు ఉండాలి, విద్యార్థుల విషయం వస్తే విద్యార్థి ప్రతినిధులు ఉండాలి, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు కావాలి. అంటే మన సంఘాల వాళ్ళు కూడా అక్కడ కూర్చోవచ్చు. అట్టడుగున ఉన్న స్త్రీ పోరాడితే పైనున్న స్త్రీకి రక్షణ దొరికింది. మరి పైనున్న స్త్రీలు తమ ఘనతల సభలో కిందనున్న స్త్రీకి కుర్చీ వేస్తున్నారా?

ఇప్పుడు మనం చేయవలసిన పని. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన ఉద్యోగుల జాబితా, వాళ్ళ నెలజీతం తనంతట తానే ప్రకటించాలి. మిగతావి అడిగితే 30 రోజుల్లో చెప్పాలి. మన పిల్లలు చదివే విశ్వవిద్యాలయాన్ని ఈ ప్రశ్నలు అడుగుదాం:

మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, కాంట్రాక్టు మీద, పార్ట్‌టైమ్‌గా పనిచేసే స్త్రీలెందరు?

గత ఐదేళ్ళలో కాంట్రాక్టు, ఏజెన్సీ స్త్రీలలో ఎందరికి ప్రసూతి సెలవు ఇచ్చారు?

ఫిర్యాదుల కమిటీ సభ్యులెవరు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి?

50 మంది, అంతకు మించి పనిచేసేచోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి కదా, అది ఎక్కడుంది?

వార్షిక నివేదికలో కాంట్రాక్టు అధ్యాపకుల వ్యాసాలు, విద్యేతర సిబ్బంది సేవలు ఎందుకు చేర్చడం లేదు?

ఈ అర్జీ రాయడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. తెల్ల కాగితం చాలు. ఇక్కడున్న డిగ్రీ చదివే చెల్లెళ్ళు రాస్తారు, అక్కలు సంతకాలు చేస్తారు. కాంట్రాక్టులో ఉన్న అధ్యాపకురాలు తానే అడిగితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉంటుంది. ఆ పిల్లల తల్లులుగా మనం అడిగితే మనల్ని ఎవరూ తీసేయలేరు. ఇదే మన బలం.

అవార్డులు రావాలి, పుస్తకాలు రావాలి, మన ఆడపిల్లలు దేశదేశాలకు పోయి పత్రాలు చదవాలి. ఆ పేర్లతో పాటు పాఠం చెప్పిన కాంట్రాక్టు టీచరమ్మ పేరు, ల్యాబ్ సిద్ధం చేసిన అటెండర్ పేరు, హాస్టల్లో బువ్వ పెట్టిన అమ్మ పేరు కూడా కాగితం మీదికి ఎక్కాలి. పేరు ఎక్కితే పని ఒప్పుకున్నట్టు, పని ఒప్పుకుంటే జీతం అడగవచ్చు. వచ్చే సమావేశానికి ముందే మొదటి అర్జీ పోస్టులో వేద్దాం.

సెలవు.