పులుపు వేరు, ముక్కు వేరు

 

వార్డెన్లు మైకు పట్టుకున్నారంటే చదువుల గురించో సెల్‌ఫోన్ల గురించో చెబుతారని మీరు భయపడి ఉంటారు. ఈరోజు మేం మాట్లాడేది కోళ్ల గురించి, అంబలి కుండ అడుగున మిగిలే మడ్డి గురించి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఉన్న తాండాల్లో ఆడవాళ్ల చేతికి సొంతంగా డబ్బు వచ్చేది కోడి వల్లే. సంతలో రెండు పెట్టలు అమ్మి కూతురి పరీక్ష ఫీజు కట్టిన తల్లులు మాకు తెలుసు. ఆ కోళ్లకు వాళ్లు పెట్టే మేతలో పులిసిన అంబలి మడ్డి, చద్దన్నం నీళ్లు, మిగిలిపోయిన దోసె పిండి ఉండేవి. ఇప్పుడు మన పిల్లలు అమెరికా వీడియోలు చూపించి, "మేడమ్, వాళ్లు కొంబుచా టీ మీద తేలే పొరను, మిగిలిన కెఫిర్ పలుకులను కోళ్లకు వేస్తున్నారు, కొత్త పద్ధతి" అంటారు. మీ యాడి చేసేది అదే కదా అంటే సిగ్గుపడతారు.

పులియడం అంటే ఏమిటి? మంచి సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. ఆ పులుపులో చాలా చెడ్డ క్రిములు పెరగలేవు. రాగుల్లో, తవుడులో ఉండే ఫైటేట్ ఖనిజాలను పట్టి ఉంచుతుంది. పులిస్తే అది కొంత విరిగి, భాస్వరం, ఇనుము కోడి ఒంటికి అందుతాయి. ఇదంతా మేం పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పాం. చెప్పిన మేమే తప్పు చేశాం.

ఆ ఏడు వానాకాలంలో హాస్టల్ పెరట్లో పదకొండు కోళ్లు ఉండేవి. మూలనున్న చెనక్కాయ చెక్క తడిసి బూజు పట్టింది. పారేయడానికి మనసొప్పలేదు. పులియబెడితే విషం పోతుందిలే అని అంబలి మడ్డిలో కలిపాం. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కుండ మూత తీసి, "మేడమ్, ఇది పులిసిన వాసన కాదు, ముక్కిన వాసన. మా అమ్మ అయితే పారబోస్తుంది" అంది. మేం వినలేదు. పది రోజుల్లో ఆరు కోళ్లు పోయాయి. పశువుల డాక్టరు ఒకదాన్ని కోసి, పాడైన కాలేయం చూపించి, మేత ఏమిటని అడిగారు. బి.ఇడి. చదివిన మేం తలదించుకున్నాం.

చెనక్కాయ మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుక్కుంటూ పోయి చెనక్కాయ పిండిలో ఈ విషాన్ని పట్టుకున్నారు. ఉడకబెట్టినా ఇది పోదు, పులియబెట్టినా పోయిందని నమ్మడానికి లేదు. చెనక్కాయే పంటగా బతికే మన జిల్లాలో ప్రతి ఇల్లూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఇప్పుడు మేం చేసే పద్ధతి చెబుతాం. మట్టికుండ గానీ స్టీలు గిన్నె గానీ తీసుకోవాలి. సత్తు, ఇత్తడి వద్దు, పులుపు వాటిని తింటుంది. బూజు లేని నూకలు, తవుడు వేసి, రెండు వేళ్ల ఎత్తు నీళ్లు నిలిచేలా పోసి, గరిటెడు అంబలి మడ్డి తోడు వేస్తాం. గుడ్డ కట్టి నీడలో పెడితే ఎండాకాలం ఒక రోజు, చలికాలం రెండు మూడు రోజులు. పుల్లమజ్జిగ వాసన రావాలి. పైన పచ్చగా, నల్లగా, గులాబీ రంగుగా నూగు కనిపిస్తే కుండంతా పారబోయాల్సిందే, పై పొర తీసేస్తే చాలదు. గంటలో తినేంతే వేయాలి. మామూలు మేతకు ఇది తోడు మాత్రమే. ఉప్పు, సోడా కలిపిన పిండి, ఊరగాయ అడుగు వేయొద్దు. కోడి ఉప్పుకు తట్టుకోలేదు.

సారా మడ్డి సంగతీ చెప్పాలి, దాచి లాభం లేదు. బెల్లం ఊటలో పటిక, యూరియా లాంటివి కలిపేవాళ్లున్నారు. ఆ మడ్డి తిన్న కోడి తూలుతుంటే మగపిల్లలు నవ్వడం చూశాం. సారా పేరు చెప్పి తాండాలన్నిటినీ ఒకే గాట కట్టేవాళ్ల మీద మాకూ కోపమే. అయినా ఆ మడ్డిని కోళ్ల గంప దగ్గరికి రానివ్వకండి.

ఇంకొకటి. పులిసిన మేత కొక్కెర తెగులును ఆపదు. దానికి టీకాయే. పిల్లలు పొదిగిన మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలప్పుడు ఆర్‌టూబీ సూది. ఊళ్లో కోళ్లన్నిటికీ ఒకేసారి వేయించాలంటే ఎవరో ఒకరు పశువుల ఆసుపత్రికి వెళ్లి అడగాలి. డిగ్రీ చదివిన మీరు ఆ పని చేయండి.

రెండు కుండలు తెచ్చాం, గేటు దగ్గర ఉన్నాయి. ఒకటి బాగా పులిసింది, ఒకటి బూజు పట్టింది. బూజుదాంట్లోకి ముఖం పెట్టకుండా, మూత తీసి దూరం నుంచే వాసన చూడండి. ఏది ఏదో మేం ముందే చెప్పం.