బందరు రేవుపట్టణమున మా యింటి యతిథిగృహము
(సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



మా యింటి వృత్తాంతమును ఈ సభయందు విన్నవింపుడని కార్యదర్శిగారు కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. మాది గొప్ప వ్యాపారము కాదు. మచిలీపట్టణమున తాతలనాటి మండువాలోగిలిలో నాలుగు గదులను బాటసారులకు అద్దెకిచ్చి, ఉదయమున ఫలహారము పెట్టుటయే మా పని. అయినను పెద్ద యిండ్లు మిగిలి రాబడి తరిగిన కుటుంబములు మనలో పెక్కు గలవు గావున, మా యనుభవము కొందఱికైనను ఉపకరింపగలదని తలంచి సాహసించితిమి.

మా పట్టణము గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును, తరువాత ఫ్రెంచివారును ఇచట వర్తకశాలలు నెలకొల్పిరి. మన యద్దకపు బట్టలు ఇచటినుండియే ఓడలకెక్కి పారశీకమునకును ఐరోపాకును పోయినవి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన యుప్పెన సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. రేవు మేటవేయగా వర్తకము ఇతర రేవులకు తరలిపోయినది. నేడు బందరుకోటలోని డచ్చివారి సమాధులను, పెడన కలంకారీని, మంగినపూడి సముద్రతీరమును చూడవచ్చువారే మా యతిథులలో పెక్కురు.

మా తండ్రిగారి యనంతరము ఇంట పంపకముల మాట వచ్చినది. ఇల్లమ్మి సొమ్ము పంచుకొందమని కొందఱనిరి. అపుడు మా తల్లిగారు, "గోడలు నిలువవలెనన్న గోడలే సంపాదింపవలెను, వీథివైపు గదులను బాటసారులకిత్తము" అనిరి. ఈ మాట విని మా మేనత్తగారు మండిపడిరి. "మన వంశమున సత్రములు కట్టించినవారున్నారు గాని పూటకూళ్లిల్లు పెట్టినవారు లేరు. అన్నమమ్ముకొని బ్రదుకుదురా?" అని, పది నెలలు మా యింట మంచినీరైనను ముట్టరైరి. మా తల్లిగారు ఎదురాడలేదు. "సత్రమునకు నాడు మాన్యములుండెను వదినా! నేడు మాన్యములు పోయినవి. మర్యాద మాత్రము మిగిలినది. దానినైనను నిలుపుకొననిండు" అని మాత్రమనిరి.

ఇక పని తీరు చెప్పెదము. భారతప్రభుత్వమువారి పథకము ననుసరించి, ఇట్టి గృహమున యజమాని కుటుంబము తానును నివసింపవలెను. గదులు ఆరింటికి మించరాదు. విదేశీయులు దిగినచో 24 గంటలలోపల అధికారులకు తెలుపవలెను. ఉతికిన దుప్పటియు, తడిలేని స్నానపుగదియు, వేళకు ఫలహారమును ఉన్నచో అతిథి మరేమియు కోరడు. ఉదయము ఇడ్లీగాని, అల్లపుపచ్చడితో పెసరట్టుగాని పెట్టుదుము. సెలవు తీసుకొనునపుడు ఒక తొక్కుడులడ్డు చేతబెట్టుదుము. ఈ బందరులడ్డునకు 2017లో భౌగోళికగుర్తింపు లభించిన సంగతి మీరెఱుగుదురు.

మా తప్పొకటి దాచక చెప్పవలసియున్నది. మొదటి యేడు శ్రావణమాసమున ఒక రాత్రి జోరున వాన కురియుచుండగా దంపతులిద్దఱు గదికై వచ్చిరి. మేము గడపయొద్దనే నిలిపి వారి కులమడిగితిమి. ఆయన మా మొగము చూచి, "గదికి అద్దె యెంతయో అడుగవచ్చితిమి గాని మా పుట్టుక చెప్పుకొన రాలేదు" అని, సంచి భుజమున వైచుకొని భార్యతోగూడ వానలోనే వెడలిపోయిరి. మఱునాడీ సంగతి మా మేనత్తగారి చెవిని పడెను. పది నెలలు గడప తొక్కని యామె వచ్చి, "అన్నమమ్ముట తప్పనుకొంటిని. తడిసివచ్చినవారిని త్రోసిపుచ్చుట అంతకన్న పెద్ద తప్పు. మన సత్రములలో పంక్తిభేదము పాటించితిమి, ఆ పాపమును ఈ యింటికిగూడ తేవలదు" అనిరి. నాటినుండి చట్టము కోరిన గుర్తింపుపత్రము తప్ప మేమెవరిని మరేమియు అడుగుటలేదు. ఆ దంపతులు మరల రాలేదు. ఆ గది తలుపు తీసినప్పుడెల్ల మాకు వారు జ్ఞప్తికి వచ్చుచునే యుందురు.

కులసంఘపు వేదికపై ఈ మాట పలుకుట కొందఱికి వింతగా తోచవచ్చును. మనవారికి మనము తోడుపడుట సంఘధర్మము. మన గడపకు వచ్చినవారిని వేరుచేయుట ధర్మము గాదని మా మనవి.

తుదకు పోషకులను రెండు కోరుచున్నాము. పాత యిండ్లను బాగుచేసికొనదలచిన కుటుంబములకు, అందును వితంతువులకు, స్వల్పవడ్డీకి అప్పిచ్చు నిధి యొకటి నెలకొల్పుడు. లెక్కలు వ్రాయుటయు, అతిథిమర్యాదయు మన యువతీయువకులకు నేర్పింపుడు. మా పట్టణమున నూతన రేవుపనులు 2023లో ఆరంభమైనవి. ఓడలు మరల వచ్చునాటికి మన యిండ్లు అమ్ముడుపోయి యుండరాదు.

మా మేనత్తగారిపుడు తమ చేతులతోనే అతిథులకు లడ్డు లిచ్చుచున్నారు. బందరు వచ్చినపుడు మీరును మా యింట దిగి, వారి చేతి లడ్డు స్వీకరింప ప్రార్థన.