తాటిచెట్టు దిగునపుడు

తాటిచెట్టు నెక్కుట నేర్పే. క్షేమముగా దిగుట అంతకు మించిన నేర్పు. కల్లు దించుకొని వచ్చునప్పటికి గీతకార్మికుని కాళ్లు అలసియుండును. నడుమున లొట్టి బరువు చేరియుండును. వానకాలమైనచో మ్రాను జారుచుండును.

అతనికి ఆధారము మోకు. దేహము వెనుకకు వాలినంతసేపు మోకు మ్రానును బిగబట్టియుండును. కాలు జారి దేహము మ్రానును సమీపించినచో సడలిపోవును. ఎక్కించునదియు కాపాడునదియు ఆ ఒక్క మోకే. అది తప్పినచో రెండవ ఆధారము లేదు. ఎంత నేర్పరికైనను ప్రమాదము కలుగుట ఇందువలననే.

2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వము పంచ నారంభించిన ‘కాటమయ్య రక్షణ కవచము’ ఈ కొరతను తీర్చుటకే. తాళ్లు, కొక్కెములు గల ఈ సాధనము, పట్టు తప్పినను మనిషి నేలబడకుండ నిలుపుటకు ఉద్దేశింపబడినది.

అయితే కవచము ఇంటిగోడకు వ్రేలాడుచున్నచో ప్రయోజనమేమి? చెట్టెక్కుటకు ముందు తాడు ఒరిసినదేమో, కొక్కెము సరిగా మూసికొన్నదో లేదో చూడవలెను. మొదటి అడుగు మొదలు మరల పాదము నేల తాకువరకు కట్టు విప్పరాదు. చివరి నాలుగడుగులే కదా యను తొందర పనికిరాదు. ఒంటరిగా ఎక్కరాదు. కట్టుపై కదలక వ్రేలాడు మనిషికి కాళ్లలో రక్తము నిలిచి ప్రాణాపాయము కలుగవచ్చును; వెంటనే దింపగలవారు దాపున నుండవలెను.

గీతకార్మికుల యిండ్లలో మన మాట వినుచున్నవారు, రేపు ఉదయము మోకు భుజమున వేసికొనువానికి ఈ సంగతి ఒకసారి చెప్పుదురు గాక.