రికార్డు రాయని ప్రయోగం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని మన కార్యదర్శి గారు అడిగారు. కృత్రిమ మేధ గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను రోజూ చేసే పని అంతకంటే చిన్నది. వర్చువల్ మెషిన్లకు ఇమేజ్‌లు తయారుచేయడం, అందుకు కావలసిన స్క్రిప్టులను ఒక పద్ధతిలో పెట్టుకోవడం. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి ఈ రోజు చెబుతాను. మన సైన్సు మాస్టారి మాట గుర్తుంచుకుని ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

ఈ రంగంతో సంబంధం లేనివారి కోసం ముందు రెండు మాటలు. ఒక పెద్ద కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ సాయంతో పది, ఇరవై కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించవచ్చు. వాటినే వర్చువల్ మెషిన్లు అంటాం. ఒక్కోదానిలో ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుకొని అన్నీ విడిగా ఎక్కించాలంటే రోజులు పడుతుంది. అందుకని ఒకదాన్ని పూర్తిగా సిద్ధంచేసి, దాని డిస్కును ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా దాచుకుంటాం. అదే ఇమేజ్. అచ్చు అనుకోండి. అచ్చు ఉంటే ఎన్ని మెషిన్లు కావాలన్నా నిమిషాల్లో లేస్తాయి. అచ్చులో లోపం ఉంటే మాత్రం అన్నిటిలోనూ అదే లోపం.

2012లో నేను పనిచేస్తున్న కంపెనీకి అలాంటి అచ్చు నేనే చేశాను. ఉబుంటు 12.04 అప్పుడే వచ్చింది. రెండు రోజులు కూర్చుని, ఒక్కో కమాండు చేత్తో కొడుతూ అంతా అమర్చాను. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వరును సోర్సు నుంచి కట్టి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని అందులోనే కలిపేశాను. ఒక మాడ్యూలులో రెండు మూడు లైన్లు మార్చాను కూడా. పనయ్యాక, స్థలం కలిసొస్తుందని సోర్సు ఫోల్డరును చెరిపేశాను. శుభ్రంగా ఉండాలని కమాండ్ల చరిత్రనూ తుడిచేశాను. అందరూ మెచ్చుకున్నారు. రెండేళ్లు హాయిగా నడిచింది.

2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో "ఉన్నావా?" అని అవతలి కంప్యూటరును పలకరించే ఒక సదుపాయం ఉండేది. పలకరింపులో పంపిన మాట పొడవెంతో పంపినవాడు చెప్పిందే నమ్మి, సరిచూడకుండా, సర్వరు తన మెమరీలోంచి 64 కిలోబైట్ల వరకు తీసి ఇచ్చేసేది. అందులో పాస్‌వర్డులు ఉండవచ్చు, రహస్య తాళాలూ ఉండవచ్చు. 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ఉన్న వెర్షన్లన్నిటిదీ ఇదే పరిస్థితి.

ఉబుంటు వెంటనే ప్యాచ్ ఇచ్చింది. వేశాం. పరీక్షిస్తే లోపం అలాగే ఉంది! ప్యాచ్ సిస్టమ్‌లోని లైబ్రరీని మార్చింది కానీ, నేను సర్వరు కడుపులో కలిపేసిన కాపీని ముట్టుకోలేదు. పోనీ మళ్లీ కడదామంటే, ఏ ఆప్షన్లతో కట్టానో ఆ ప్రోగ్రామును అడిగితే చెబుతుంది. ఆ మాడ్యూలు ఏ వెర్షనో, నేను మార్చిన లైన్లేవో ఎవరు చెబుతారు?

"ఇది చేసిందెవరు?" అని మేనేజరు గారు అడిగారు.

"నేనేనండీ."

"ఎలా చేశావు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంకెవరైనా చేసి వెళ్లిపోయి ఉంటే వాళ్లను తిట్టుకునేవాణ్ని. ఆ అవకాశం కూడా లేకపోయింది. ఆ మాడ్యూలు లేకుండానే సర్వరును కొత్తగా కట్టి నడిపాం. దాని మీద ఆధారపడ్డ వినియోగదారులు మూడు రోజులు లాగిన్ కాలేకపోయారు. ఆ మూడు రాత్రులూ నేను నా పనినే ఊహించుకుంటూ మళ్లీ రాశాను.

అప్పుడు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. సైన్సు రికార్డులో ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం అని రాసేవాళ్లం కదా. నేను ఫలితం గుండ్రంగా రాసి, విధానం దగ్గర రెండు లైన్లు గీకి ఇచ్చాను. మాస్టారు సంతకం పెట్టకుండా తిప్పి ఇచ్చేశారు. "ఫలితం పుస్తకంలోనే ఉందిరా. నువ్వు రాసింది చూసి నీ పక్కవాడు ఈ ప్రయోగం చేయగలడా?" అన్నారు. నేను కంపెనీకి ఇచ్చింది కూడా అలాంటి రికార్డే. ఫలితం ఉంది, విధానం లేదు.

ఆ తర్వాత మా జట్టు చేత్తో ఇమేజ్ చేయడం మానేసింది. హాషీకార్ప్ 2013లో విడుదల చేసిన ప్యాకర్ అనే సాధనం ఉంది. అది ఖాళీ మెషిన్ను లేపి, మనం రాసిన స్క్రిప్టులను వరసగా నడిపి, చివర్న ఇమేజ్ తీసి పెడుతుంది. అయితే స్క్రిప్టులు గజిబిజిగా ఉంటే ఏ సాధనమూ ఆదుకోదు. వాటిని ఎలా సర్దుకున్నామో చెబుతాను.

మూడు ఫోల్డర్లు పెట్టాం. మొదటిదానిలో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కేటప్పుడు అడిగే ప్రశ్నలకు ముందే రాసిపెట్టిన జవాబులు. ఉబుంటు 12.04లో దాన్ని ప్రీసీడ్ అనేవారు, రెడ్‌హ్యాట్‌లో కిక్‌స్టార్ట్ అంటారు. రెండోదానిలో అన్ని మెషిన్లకూ ఉమ్మడిగా కావలసినవి. మూడోదానిలో వెబ్ సర్వరుకు, డేటాబేసుకు విడివిడిగా కావలసినవి. దీనివల్ల ఉమ్మడి లోపాన్ని ఒక్కచోట దిద్దితే చాలు.

ఒక స్క్రిప్టు ఒక్క పనే చేయాలి. పేరుకు ముందు 10, 20, 30 అని అంకెలు వేస్తాం. రేపు మధ్యలో ఒకటి చేర్చాలంటే 15 ఖాళీగా ఉంటుంది. ఏ కమాండు విఫలమైనా అక్కడే ఆగిపోవాలి. సగం పాడైన ఇమేజ్ కంటే అసలు ఇమేజ్ రాకపోవడమే మేలు.

ప్రతి సాఫ్ట్‌వేర్ వెర్షన్నూ ఒకే ఫైలులో రాస్తాం. మేం మార్చిన లైన్లు ప్యాచ్ ఫైలుగా పక్కనే ఉంటాయి. పాస్‌వర్డులు మాత్రం ఆ ఫోల్డర్లలో ఉండవు, నడిపేటప్పుడు బయటినుంచి ఇస్తాం.

చివరి స్క్రిప్టు శుభ్రం చేసేది. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలను, మెషిన్ ఐడీని అచ్చులోంచి తీసేయాలి. లేకపోతే పుట్టిన ప్రతి మెషిన్‌కూ అదే తాళం, అదే గుర్తింపు వస్తుంది. ఒకే గుర్తింపుతో లేచిన రెండు మెషిన్లు నెట్‌వర్కులో ఒకే అడ్రసు కోసం కొట్టుకోవడం నేను చూశాను.

అన్నిటికంటే ముఖ్యం, అవసరం ఉన్నా లేకున్నా వారానికోసారి మొదటినుంచి కట్టి, ఆ ఇమేజ్‌తో ఒక మెషిన్ను లేపి పరీక్షించడం. నడపని స్క్రిప్టు మూలన పడేసిన సైకిలు లాంటిది. కావలసిన రోజున కదలదు.

2016 అక్టోబరులో లైనక్స్ కెర్నెల్‌లో డర్టీ కౌ అనే లోపం బయటపడింది. అప్పుడు నేను సెలవులో ఉన్నాను. జట్టులో అందరికంటే చిన్నమ్మాయి, అప్పుడే చేరింది, వెర్షన్ల ఫైలులో ఒక లైను మార్చి కొత్త ఇమేజ్‌లు కట్టేసింది. నాకు ఫోను కూడా రాలేదు. నా ఉద్యోగ జీవితంలో నాకు బాగా తృప్తినిచ్చిన రోజు అదే.

మన సంఘం బడికి ఇచ్చిన కంప్యూటర్లలో పిల్లలు లైనక్స్ నేర్చుకోవడానికి వర్చువల్‌బాక్స్ ఇమేజ్ ఒకటి పెట్టాం. ఇమేజ్ పెన్‌డ్రైవులో పడేసి వెళ్లిపోవచ్చు. కానీ దాన్ని కట్టే స్క్రిప్టుల ఫోల్డరు కూడా ఇస్తున్నాను. పోయిన వారం కంప్యూటర్ టీచరు గారు నా సాయం లేకుండా దాన్ని కట్టి చూశారు. ఒకచోట ఆగిపోయి నాకు ఫోన్ చేశారు. నేను రాయడం మరిచిన మెట్టు అది. ఫోనులో చెప్పేసి ఊరుకోకుండా ఆ లైను ఫైలులో చేర్చి పంపాను. రెండోసారి ఆగలేదు.

ముందు వరసలో మాస్టారు కూర్చుని ఉన్నారు. మాస్టారూ, ఈసారి విధానం పూర్తిగా రాశాను. పక్కవాళ్లు చేసి కూడా చూశారు. ఇక సంతకం పెట్టండి.