కారుకు తగిన పెట్రోలు



బంకు వద్ద కారు నాపగానే, పంపు కడ నున్న కుర్రవాడు "మామూలుదా సార్, ప్రీమియమా?" అని యడుగును. ధర హెచ్చుగా నున్నది గనుక సరకు కూడ మేలైనదే కావలెనని తలంచి, మనలో ననేకులు రెండవదానికే తల యూపుదురు. నేయి, బియ్యము కొనునపుడు ఈ తర్కము కొంతవరకు చెల్లవచ్చును. పెట్రోలు విషయమున మాత్ర మిది చెల్లదు. ఏల చెల్లదో తెలియవలెనన్నచో, ఆక్టేను సంఖ్య అనగా నేమో ముందుగా గ్రహింపవలెను.

ఇంజనులోని సిలిండరులోనికి గాలియు, పెట్రోలు ఆవిరియు కలిసి ప్రవేశించును. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును అదుమును. సైకిలు పంపు కొట్టునపుడు దాని క్రిందిభాగము వేడెక్కుట మన మెరుగుదుము గదా! అట్లే అదుముడు హెచ్చినకొలది ఈ మిశ్రమము వేడెక్కును. తగిన క్షణమున స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించును. గడ్డివాము నొకమూల నంటుకొన్న మంట క్రమముగా రెండవ మూలకు ప్రాకునట్లు, ఈ మంటయు ప్లగ్గు వద్ద బయలుదేరి సిలిండరంతయు వ్యాపింపవలెను. అట్లు గాక, మంట ఇంకను చేరని మూలనున్న మిశ్రమము, వేడికిని ఒత్తిడికిని తాళలేక, తనంతట తానే భగ్గున మండవచ్చును. అప్పుడు పుట్టు ఒత్తిడి తరంగములు సిలిండరు గోడలను తాకి టకటక మను చప్పుడు చేయును. మెకానిక్కులు దీనినే నాకింగు అందురు. ఇది తీవ్రమై చాలకాలము సాగినచో పిస్టను తల దెబ్బతినును.

ఇట్లు తనంతట తాను మండిపోకుండ నిగ్రహించుకొను శక్తికి కొలతయే ఆక్టేను సంఖ్య. 1927లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు గ్రాహాం ఎడ్గర్ ఈ కొలమానమునకు దారి చూపెను. సులభముగా నాకింగు కలిగించు హెప్టేనుకు సున్నయు, దాని నరికట్టు ఐసో ఆక్టేనుకు నూరును నిర్ణయింపబడినవి. 91 సంఖ్య గల పెట్రోలు, పరీక్షా యంత్రమున, 91 పాళ్లు ఐసో ఆక్టేనును 9 పాళ్లు హెప్టేనును కలిపిన మిశ్రమమువలె ప్రవర్తించునని అర్థము. అంతియే గాని, అందులో శక్తి హెచ్చుగా నున్నదని కాదు.

పూర్వ మీ సంఖ్యను పెంచుటకు పెట్రోలులో సీసము కలిపెడివారు. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ కనుగొన్న యుపాయ మది. ఇంజనుకు మేలు చేసిన ఆ సీసమే పొగతోబాటు గాలిలో చేరి, పసిపిల్లల మెదడుకు కీడు చేసినది. మన దేశములో 2000వ సంవత్సరమున దానిని విడనాడిరి. కార్లకు సీసపు పెట్రోలు విక్రయించిన దేశములలో చివరిదైన అల్జీరియా 2021లో దానిని మానినది. నేడు శుద్ధి కర్మాగారములలోని ప్రక్రియలవలనను, ఇథనాలును కలుపుటవలనను ఆక్టేనును పెంచుచున్నారు.

2020 ఏప్రిలులో భారత్ స్టేజి ఆరవ ప్రమాణము వచ్చినప్పుడు మామూలు పెట్రోలుకు కనీసము 91, ప్రీమియముకు 95 ఆక్టేను విధింపబడినవి. ఇరువది పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలుకు 95 వరకు వచ్చునని 2025లో కేంద్ర ప్రభుత్వము తెలిపినది. ఇచట నొక విశేషము గమనింపదగినది. ఇథనాలుకు ఆక్టేను హెచ్చు. కాని లీటరుకు దానియందలి శక్తి పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ. కావున ఇథనాలు కలిసినచో ఆక్టేను పెరుగును, మైలేజి కొంత తగ్గును. ఆక్టేను వేరు, శక్తి వేరు అనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక మన కారుకు ఏది తగును? సమాధానము కారుతో నిచ్చిన పుస్తకములోనే యున్నది. పెట్రోలు మూత లోపలి చీటిపైనను తరచుగా నుండును. 91 చాలునని యున్నచో మామూలు పెట్రోలే పోయింపుడు. 95 మంచిదని సలహా మాత్రమే యున్నచో, మామూలు పెట్రోలు పోసినను ప్రమాదము లేదు. నేటి ఇంజనులలో నాకింగును పసికట్టు సెన్సారు ఉండి, నిప్పురవ్వను కొంచె మాలస్యము చేయించును. బలము మాత్రము కొంత తగ్గును. 95 తప్పనిసరి యని యున్నచో అదియే పోయింపవలెను. సంపీడన నిష్పత్తి హెచ్చుగా గల ఇంజనులకును, కొన్ని టర్బో ఇంజనులకును ఇట్టి నియమ ముండును.

అవసరము లేని కారుకు ప్రీమియము పోయించుట వృథా. నెలకు 60 లీటర్లు వాడు కుటుంబము లీటరుకు 8 రూపాయలు అదనముగా నిచ్చినదనుకొనుడు. నెలకు 480, ఏడాదికి 5,760 రూపాయలు! ఆ సొమ్ముతో కారుకు సర్వీసింగు చేయించవచ్చును. అమెరికా ఆటోమొబైలు సంఘము 2016లో చేసిన పరిశీలనలో, మామూలు పెట్రోలుకై తయారైన కార్లకు ప్రీమియమువలన చెప్పుకోదగిన లాభ మేమియు కనబడలేదు. కొన్ని ప్రీమియము రకములలో ఇంజనును శుభ్రపరచు ద్రవ్యములు కలుపుట నిజమే గాని, అది ఆక్టేనుతో సంబంధము లేని వేరు సంగతి.

అమెరికాలోని మన బంధువులు అచట మామూలు పెట్రోలు 87 అని చెప్పినచో, అది నాసిరకమని తలంపరాదు. అచట రెండు విధముల పరీక్షల సగటును వ్రాయుదురు. ఆ 87 మన 91కి ఇంచుమించు సమానమే.

సెన్సారు లేని పాత కార్ల వారు చెవిని నమ్ముకొనవలెను. తిరుమల ఘాటువంటి యెత్తు లెక్కునపుడు టకటక వినబడినచో మొదట గేరు తగ్గింపుడు. అప్పటికిని మానకున్నచో మెకానిక్కుకు చూపింపుడు. నిప్పురవ్వ పడు వేళ తప్పుట, లోపల మసి పేరుకొనుట, ఇంజను మితిమీరి వేడెక్కుట కారణములు కావచ్చును. పనిలో పనిగా రబ్బరు గొట్టములను కూడ పరీక్షింపజేయుడు. ఇథనాలు పాతకాలపు రబ్బరును చెరుపవచ్చును.

గుర్రము గ్రుడ్డిదైనను దాణా తప్పదని సామెత. అయితే ఏ గుర్రమునకు ఏ దాణా యరుగునో తెలిసి పెట్టువాడే తెలివిగల యజమానుడు. కావున ఈసారి బంకునకు పోవుటకు ముందు ఒక్కమారు కారు పుస్తకము తెరచి చూడుడు. కుర్రవాడు ప్రశ్న వేసినపుడు తడబడక సమాధానము చెప్పగలరు.