అప్పు తీర్చుచు ఇల్లు నడుపుట
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో విద్యను గూర్చియో మాతృభాషను గూర్చియో మాటాడుట ఆచారము. నన్నాహ్వానించిన కార్యదర్శిగారు కూడ నేనట్టి విషయమునే ఎన్నుకొందునని తలచియుందురు. భాషను గూర్చి చెప్పుటకు నాకంటె తగినవారు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను ముప్పది యేండ్లకు పైగా ఒక బ్యాంకులో లెక్కలు వ్రాసి విరమించినవాడను. నాకు తెలిసినది అప్పు. బల్లకు ఆవలివైపున కూర్చుండి అప్పు ఇచ్చితిని. ఈవలివైపున నిలిచి అప్పు అడిగితిని. రెండవదే నాకెక్కువ నేర్పినది. జూన్ నెలలో జీతము కట్టలేక పిల్లవానిని మాన్పించవలసి వచ్చినదని ఒక తల్లి ఇటీవల నాతో చెప్పినప్పటినుండి ఈ మాటలు ఎచ్చటనైన చెప్పవలెనని అనుకొనుచుంటిని.

మనలో కొందరు తరతరములుగా ఇచ్చటివారే. కాని చిత్తూరునుండియో అనంతపురమునుండియో కర్నూలునుండియో క్రొత్తగా వచ్చి బెంగుళూరులో కాపురము పెట్టిన కుటుంబమునకు మొదటి అప్పు ఎచ్చట పుట్టును? దుబారాలో కాదు, ఇంటి గుమ్మములో. పది నెలల అద్దె అడ్వాన్సుగా పుచ్చుకొనుట ఈ నగరమున చిరకాలపు వాడుక. అద్దె 15,000 రూపాయలైనచో తాళపుచెవి చేతికి రాకమునుపే 1,50,000 కావలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము సిద్ధపరచిన నమూనా అద్దె చట్టము నివాసగృహములకు రెండు నెలల అద్దెకు మించి పుచ్చుకొనరాదన్నది గాని, రాష్ట్రములు దానిని తమ చట్టముగా చేసికొన్నప్పుడే అది అమలు కాగలదు. ఇట్లు ఊరిలో పొలముమీదనో మిత్రుని మాటమీదనో తెచ్చిన సొమ్ముతో కాపురము మొదలగును. దానిపై జూన్‌లో బడి జీతములు, వానకాలమున జ్వరములు, సంక్రాంతికి ప్రయాణము. ఒక అప్పు తీరకమునుపే దాని ప్రక్కన మరియొకటి వచ్చి కూర్చుండును.

నా సంగతి చెప్పెదను. పాతికేండ్ల క్రిందట మా నాయనగారి వైద్యమునకై నేను మూడుచోట్ల అప్పు చేసితిని. ఇంటిలో చెప్పలేదు. భార్యకు దిగులెందుకని అనుకొంటినేగాని, నిజమునకు నాకు సిగ్గు. ఒక సాయంకాలము వడ్డీకిచ్చినవాడు తలుపు తట్టెను. రెండవ తరగతి చదువుచున్న మా అబ్బాయి పరుగున పోయి, "నాన్నగారు ఊళ్ళో లేరండీ" అని తెలుగులో చెప్పి, ఆయన కన్నడమువాడని గుర్తు వచ్చి, అదే మాటను కన్నడములో చెప్పెను. నేను లోపలి గదిలో నిలుచుండి వినుచుంటిని. ఆ అబద్ధము నేను వానికి నేర్పలేదు. వాని తల్లి నేర్పలేదు. వాడంతట వాడే ఇంటి గాలినిబట్టి నేర్చుకొనెను. మేము దాచితిమనుకొన్నది ఏడేండ్ల పిల్లవానికి ముందుగా తెలిసియుండెను.

ఆ రాత్రి నా భార్యకు అంతయు చెప్పితిని. ఆమె ఏడ్వలేదు, నిందింపలేదు. "మొత్తము ఎంత?" అని ఒక్క ప్రశ్న అడిగెను. బ్యాంకులో పరుల లెక్కలు పైసతో సహా చెప్పగలవాడను, నా అప్పు మొత్తమెంతో చెప్పలేకపోయితిని. అబ్బాయి రఫ్ నోటుపుస్తకము వెనుక పుటలలో ఇద్దరము కూర్చుండి వ్రాసితిమి: ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఎన్నటికి. మనసులో పెట్టుకొన్న అప్పు కాగితముమీద పెట్టిన అప్పుకంటె ఎప్పుడును పెద్దదిగా కనబడును. మాది వ్రాసిన తరువాత కొంచెము చిన్నదే అయినది.

ఇక వడ్డీ సంగతి. ఇచ్చట కొంచెము నిలువవలెను. మన పెద్దలు వడ్డీని నెలకు నూటికింత అని చెప్పుకొనెడివారు. రూపాయి వడ్డీ అనగా సాలుకు నూటికి 12. రెండు రూపాయల వడ్డీ అనగా 24. రూపాయి వడ్డీ ధర్మమనియు, మూడు రూపాయలు గొంతు కోయుటయనియు పల్లెలో చదువురాని వారికిని తెలియును. బ్యాంకులు సాలు లెక్క చెప్పును, క్రెడిట్ కార్డు కాగితము నెల లెక్కను చిన్న అక్షరములలో చెప్పును, కిస్తీమీద ఫోను అమ్మువాడు వడ్డీయే లేదనును. ఈ మూడింటిని మన పెద్దల కొలతలోనికి మార్చి చూడుడు. నెలకు నూటికి మూడున్నర చొప్పున వడ్డీ వేయు కార్డులు కలవు. ఊరిలో మూడున్నర రూపాయల వడ్డీకి తెచ్చితినని చెప్పుటకు సిగ్గుపడు మనము, అదే వడ్డీకి మెరిసెడి కార్డును చొక్కా జేబులో పెట్టుకొని తిరుగుచున్నాము.

కార్డుమీద 60,000 బాకీ ఉన్నదనుకొనుడు. నెలవడ్డీ 2,100. ఆ వడ్డీమీద నూటికి 18 చొప్పున జీఎస్టీ 378. కలిసి 2,478. కనీసము కట్టవలసినది నూటికి ఐదు వంతున 3,000 అని కాగితములో ఉండును. ఆ 3,000 కట్టి ఈ నెల గడిచినదని మీరు నిట్టూర్పు విడుతురు. అసలులో తగ్గినది 522 రూపాయలు. క్రొత్తగా ఒక్క రూపాయియు గీయక, నెల తప్పక 3,000 చొప్పున కట్టినను మూడేండ్ల ఎనిమిది నెలలు పట్టును. కట్టిన సొమ్ము సుమారు 1,30,000 అగును. అదే 60,000 బ్యాంకులో బంగారముమీద సాలుకు నూటికి 9 చొప్పున దొరికినదనుకొందము. మన లెక్కలో అది ముప్పావు రూపాయి వడ్డీ. నెలకు అదే 3,000 కట్టినచో ఇరువదిరెండు నెలలలో తీరును. కట్టినది సుమారు 65,000.

బీరువాలో గాజులు పెట్టుకొని కార్డుకు వడ్డీ కట్టు ఇండ్లు ఎన్నో చూచితిని. కారణము నాకు తెలియును. తాకట్టు అనగనే మనకు పరువు పోయినట్లుండును. కాని ఆ బంగారము ఇల్లాలిది. దానిని గూర్చి నిర్ణయింపవలసినది ఆమె. భర్త సలహా చెప్పవచ్చును, అంతే. ఇంకొక జాగ్రత్త. బంగారపు అప్పు పేరుకు ఏడాది గడువని, ఏడాది పొడవున ఏమియు కట్టక ఊరకుండినవారి నగలు వేలమునకు పోయినవి. నెలనెలా కట్టవలెను. కార్డును కత్తిరించుటయో లోపల దాచుటయో చేయకుండ నగలు తాకట్టు పెట్టినచో, ఏడాదిలో రెండు అప్పులును ఉండును. ఆ ధైర్యము లేనివారు నగలను కదపకుండుటయే మేలు.

ఏ అప్పును ముందు తీర్చవలెను? ఎక్కువ వడ్డీ గల దానిని. దీనికి నేనొక్క మినహాయింపు చేయుదును. బావగారో పెదనాన్నగారో వడ్డీ లేక చేబదులిచ్చి, వారింట పెండ్లి ముహూర్తము పెట్టుకొన్నప్పుడు లెక్కల పుస్తకమును మూసి వారిది ముందు తీర్చవలెను. అది వడ్డీ లేని అప్పు కాదు. దాని వడ్డీని మనము రాకపోకలలో చెల్లించుచుందుము.

అప్పు తీర్చువారు చేయు పొరపాటొకటి కలదు. ఉత్సాహముతో ఉన్నదంతయు అప్పుకు కట్టివేయుదురు, మరునాడు పిల్లకు జ్వరము వచ్చును, మరల అప్పు. కనుక ఎంత బాకీ ఉన్నను ఐదు వేలో పదివేలో ప్రక్కకు తీసి కదపక ఉంచవలెను. మా అమ్మగారు పోపులడబ్బాలో జీలకర్ర క్రింద ఉంచెడివారు. మీరు బ్యాంకు ఖాతాలో ఉంచుడు.

ఇంటి ఖర్చును గూర్చి సామాన్యముగా చెప్పు మాటలు మీరెరిగినవే. నేను కొన్నింటినే చెప్పెదను. 2016లో యూపీఐ వచ్చినది మొదలు సొమ్ము మన చేతినుండి పోవుట మనకు కనబడుట లేదు. పది రూపాయల కాఫీకిని పదివేల అద్దెకును ఒకటే చప్పుడు. 1959లో విజయావారు "అప్పుచేసి పప్పుకూడు" చిత్రమును తీసినప్పుడు మన పెద్దలు చూచి నవ్వుకొనిరి. ఆ సామెతలోనివాడు పాపము పప్పయినను తినెను. మనకు నెలాఖరున ఏమి తింటిమో కూడ గుర్తుండదు. నేనెరిగిన ఒక ఇల్లాలు ప్రతి ఆదివారము వారమునకు సరిపడు సొమ్మును నోట్లుగా తెచ్చి డబ్బాలో పెట్టును. పాలు, కూరలు, పిల్లల చిల్లర ఖర్చులు అన్నియు అందులోనుండియే. గురువారమునకు డబ్బా తేలికయైనచో శుక్రవారము చారు అన్నము. ఆమె పద్దు వ్రాయదు, డబ్బాయే పద్దు.

కూరలకు తెల్లవారుజామున కృష్ణరాజేంద్ర మార్కెట్టుకు ముగ్గురు నలుగురు కలిసి పోయి పంచుకొన్నచో లాభము. ఒక్కరే పోయి గంపెడు తెచ్చి కుళ్ళబెట్టుకొన్నచో నష్టము. 1959లో ద్రాక్షరైతుల సహకార సంఘముగా పుట్టిన హాప్‌కామ్స్ అంగళ్ళలో ధర పలకమీద వ్రాసియుండును. బేరమాడుట రానివారికి అది మేలు.

కర్ణాటక ప్రభుత్వము 2023లో ప్రారంభించిన పథకములను గూర్చి మనవారు చాలమంది అశ్రద్ధగా ఉన్నారు. శక్తి పథకము ఆ యేడు జూన్ 11న మొదలైనది. సాధారణ ప్రభుత్వ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు సొమ్ము లేదు. అయితే కర్ణాటక నివాసమును చూపు గుర్తింపు కావలెను. మన ఆడపడుచులలో పదేండ్లుగా ఇచ్చటనే ఉండి, ఆధారులో మాత్రము పుట్టినూరి చిరునామాను అట్లే ఉంచుకొన్నవారు కలరు. దానిని మార్చుకొన్నచో ఊరిమీద ప్రేమ తగ్గదు. 200 యూనిట్లవరకు వర్తించు గృహజ్యోతి అద్దె ఇండ్లవారికి కూడ కలదు. 2025 జనవరిలో బస్సు చార్జీలును, ఫిబ్రవరిలో మెట్రో చార్జీలును పెరిగిన నగరమున ఇవి చిన్న విషయములు కావు.

సంక్రాంతి ప్రయాణము మాట. రైలు టిక్కెట్లు 120 దినముల ముందు ఇచ్చుచుండిరి. 2024 నవంబరు 1 నుండి అది 60 దినములైనది. అనగా నవంబరు మధ్యలో మేల్కొనవలెను. అప్పుడు నిద్రించినవారు జనవరిలో ప్రైవేటు బస్సువాడు అడిగినంత ఇచ్చి, ఆ సొమ్మును మార్చివరకు తీర్చుచుందురు.

బడి జీతమును జూన్ ఖర్చుగా భావింపకుడు. దానిని పండ్రెండు భాగములు చేసి, జులైనుండియే ఒక్కొక్క భాగము వేరుగా ఉంచుడు. అట్లు చేయలేకపోయినచో, మార్చిలోనే వచ్చి ప్రధానోపాధ్యాయులతో చెప్పుడు. జూన్‌లో ముఖము చాటువేయు తండ్రికంటె మార్చిలో ఎదుటికి వచ్చి వాయిదాలు అడుగు తండ్రిని వారు గౌరవింతురు. పిల్లవానిని మాన్పించినదని నేను చెప్పిన ఆ తల్లి ఎవ్వరిని ఏమియు అడుగలేదు. అడుగవచ్చునని ఆమెకు తెలియదు.

ఋణదాతల వేధింపును గూర్చి రెండు మాటలు. బ్యాంకు గాని ఫైనాన్సు సంస్థ గాని వసూలుకై ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించినది. బంధువులకు ఫోను చేసి పరువు తీయుట కూడ నిషిద్ధము. ముందు ఆ సంస్థకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో సరియైన జవాబు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకొనవచ్చును. సూక్ష్మఋణముల వేధింపులవలన ఆత్మహత్యలు జరిగిన పిమ్మట, మన ఆంధ్రప్రదేశము 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చినది. అట్టి దుఃఖమునే చూచి కర్ణాటక 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్సును, పిదప చట్టమును చేసినది. బలవంతపు వసూళ్ళకు పదేండ్లవరకు శిక్ష కలదు. ఫోనులో నిమిషములో అప్పిచ్చు యాపులకు మీ ఫోనులోని పేర్లను చూడనిచ్చితిరా, మీ తాకట్టు మీ బంధువుల యెదుట మీ పరువే.

మా అప్పు తీరుటకు మాకు నాలుగేండ్లు పట్టినది. ఆ నాలుగేండ్లలో అబ్బాయికి అంతయు చెప్పితిమి: వాని వయస్సుకు తగినంత. ఈ యేడు సైకిలు లేదు, ఇందువలన లేదు, ఎప్పుడు కొందుమో ఇది అని నోటుపుస్తకము చూపితిమి. వాడు పేచీ పెట్టలేదని చెప్పను. రెండు దినములు పెట్టెను.

అప్పు తీరినప్పుడు కాగితము వెనుకకు పుచ్చుకొనుట మరువకుడు. చేతిఅప్పుకు ప్రోనోటు, బ్యాంకుకు బాకీ లేదను పత్రము. ఇంటి పత్రములు తాకట్టున్నచో, అంతయు చెల్లించిన 30 దినములలో బ్యాంకు తిరిగి ఇయ్యవలెననియు, తన తప్పువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు మీకు చెల్లించవలెననియు 2023 డిసెంబరు 1 నుండి నియమము కలదు. మా ఋణదాత ప్రోనోటును తానే తెచ్చి ఇచ్చెదనని చెప్పి, ఒక ఆదివారము సాయంకాలము వచ్చెను. తలుపు తీసినది మా అబ్బాయియే. అప్పటికి ఆరవ తరగతి. ఆయనను చూచి ఒక్క క్షణము ఆగెను. పిదప కన్నడములోనే, "నాన్నగారు ఉన్నారు, లోపలికి రండి" అని కుర్చీ లాగి వేసి, నన్ను పిలువవచ్చెను.